పెద్దాయన దగ్గు

మా నాయన నాతో మాట్లాడక రెండు బతుకమ్మ పండుగలు దాటాయి. కారణం ఒక దగ్గు. నాది కాదు, పెద్దాయనది.

పెద్దాయనంటే మా నాయన నమ్ముకున్న పార్టీ నాయకుడు. ఏ మాటకైనా ముందు గొంతు సవరించుకుంటూ చిన్నగా దగ్గుతాడు. నేనేమో మిమిక్రీ వాణ్ని. కృష్ణానగర్‌లో ఒక గది, అందులో నేను, నా నాలుగు బట్టలు. అవతలి పార్టీ వాళ్ల చానెల్లో కామెడీ ప్రోగ్రాం దొరికితే వెళ్లాను. పెద్దాయన గొంతు తీసి, ఒక్కో హామీకి ఒక్కో దగ్గు దగ్గాను. జనం పడీ పడీ నవ్వారు. అబద్ధం గొంతుకు అడ్డం పడుతోంది పాపం అని యాంకరమ్మ అంది. ఆ మాట నాది కాదు, ఒట్టు. నాది దగ్గు ఒక్కటే.

మర్నాడు ఎర్రగడ్డ మార్కెట్‌లో మా నాయన ఉల్లిగడ్డల బండి చుట్టూ అవతలి పార్టీ కుర్రాళ్లు చేరి, ఆ వీడియో పెట్టి, నీ కొడుకే కదా అంటూ వరసగా దగ్గారట. మా నాయన జంగయ్యకు పెద్దాయన దేవుడు. అప్పట్లో మా బస్తీ ఇళ్లు కూల్చడానికి బుల్డోజర్లు వస్తే, ఆయన ఎండలో అడ్డంగా నిలబడి పొద్దుగూకే దాకా అరిచాడు. గొంతు ఆ రోజే పాడైందని, ఆ దగ్గు మా గోడల కోసం వచ్చిన దగ్గని మా నాయన నమ్మకం. అవతలి వాళ్లకు అది అబద్ధాలకోరు దగ్గు. నాకైతే దగ్గు దగ్గే. ఈ మాట ఎవరితో అన్నా తన్నేటట్టున్నారు.

నాయన ఫోన్ చేసి, మోతీనగర్ ఇంటి గడప తొక్కొద్దన్నాడు. ఆ తర్వాత నేనెన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అమ్మ మాత్రం ఆయన చూడకుండా మాట్లాడేది. పేరు, పెద్ద తెర, ఇవన్నీ నాకూ కావాలి, కాదనను. కానీ అన్నిటికన్నా ముందు ఆ ఇంట్లో నాయన పక్కన కూచుని ఒక్కపూట అన్నం తినాలి. అది తలుచుకుంటే గదిలో కాలు నిలిచేది కాదు. చాయ్ తాగొస్తానని బయల్దేరి, తాగకుండానే గల్లీలన్నీ తిరిగొచ్చేవాణ్ని.

ఈ ఎన్నికలప్పుడు రఘునందన్ ఫోన్ చేశాడు. పెద్దాయన పార్టీ ప్రచారం అంతా చూసుకునే మనిషి. నా మీద పోలీసు కేసు పెట్టిందీ ఈయనే, చౌరస్తాలో నా దిష్టిబొమ్మ తగలబెట్టించిందీ ఈయనే. ఆ బొమ్మకు నాకున్న వాటికన్నా మంచి చొక్కా తొడిగారు. అలాంటి మనిషి ఇప్పుడు తమ్మీ అంటున్నాడు. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌కు రమ్మన్నాడు.

వెళితే సంగతి చెప్పాడు. పెద్దాయనకు గొంతు ఆపరేషన్ అయింది, మాట రావడం లేదు. జూబ్లీహిల్స్ ఇంట్లో కూచోబెట్టి వీడియో తీశారు గానీ అందులో పెదవులు కదలడమే తప్ప శబ్దం లేదు. ఆ పెదవులకు నేను గొంతు ఇవ్వాలి. పోలింగ్ అయ్యేదాకా మూడో కంటికి తెలియకూడదు. రఘునందన్ రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు. దిష్టిబొమ్మను తగలబెట్టిన చేతులే కదా అని నాకు ఒళ్లు మండింది. అయినా ఒప్పుకున్నాను. నాయన వింటాడు కదా అని ఒప్పుకున్నాను. సిగ్గెందుకు, అంతే.

మైకు ముందు నిలబడి, పాత అనుభవం గుర్తుంది కనుక, ఒక్క దగ్గు కూడా లేకుండా మొత్తం చెప్పాను. అద్దం అవతలి నుంచి రఘునందన్ ఆపాడు.

"తమ్మీ, దగ్గేది? దగ్గు లేకుంటే జనం నమ్మరు."

"దగ్గితేనే గదన్నా కేసు పెట్టిన్రు."

"అది ఎక్కిరింపు. ఇది గౌరవం."

"రెండిట్ల ఫరక్ ఏందో జర చెప్పన్నా. గౌరవంగనే దగ్గుత."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "గప్పుడు వాళ్ల చానెల్ల దగ్గినవ్. ఇప్పుడు మన దాంట్ల దగ్గుతున్నవ్," అన్నాడు. నవ్వకుండా అన్నాడు. సరేనని దగ్గాను. చానెల్లో దగ్గిన దగ్గే, వెంట్రుకవాసి తేడా లేదు. అద్దం అవతల రఘునందన్ కళ్లు తుడుచుకున్నాడు.

వీడియో బయటికొచ్చిన రోజు నాకు నిలబడితే కూచోవాలనీ, కూచుంటే లేవాలనీ ఉంది. ఫోను మోగితే నాయనేమోనని ఉరుకుతున్నాను. ముందు చానెల్ వాళ్లు చేశారు. ముసలాయన దగ్గు మరీ ఓవరాక్షన్‌గా ఉంది, మన ప్రోగ్రాంలో దీన్ని ఉతికి ఆరేయాలి, రమ్మన్నారు. ఏం చెప్పను వీళ్లకు? నా దగ్గును నేనే వెక్కిరించాలట. తర్వాత చెప్తానని పెట్టేశాను.

మూడు రోజులకు ఫోన్లో నాయన పేరు వెలిగింది. ఇంటికి రా అన్నాడు, అంతే. మెట్రోలో సీటున్నా కూచోలేకపోయాను.

నాయన ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టుకుని కూచున్నాడు. వినమన్నాడు. అమ్మలారా, అయ్యలారా అని మొదలుపెట్టి, ఒక దగ్గు దగ్గి, నా గొంతు అలిసింది గని నేను అలిసిపోలే అన్నాడు పెద్దాయన. అంటే నేను. నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గొంతంటే ఇది," అన్నాడు. "నువ్వు అమ్ముకున్నవ్ దీన్ని. ఇగ ఆ గొంతు తియ్యనని మాటియ్యి. ఇచ్చి, కూసొని అన్నం తిను."

అమ్మ అప్పటికే కంచాలు పెట్టింది. సరే నాయనా అంటే సరిపోయేది. ఇన్నాళ్లుగా దేనికోసం తిరిగానో అది నా ముందే పొగలు కక్కుతోంది. కానీ నా గొంతునే చూపించి నన్ను తిడుతుంటే ఊరుకోలేకపోయాను. పోలింగ్, రఘునందన్, ఆయనకిచ్చిన మాట, అన్నీ గంగలో కలవనీ అనుకున్నాను. కళ్లు మూసుకుని ఆ మాటలే అందుకున్నాను. అదే గొంతు, అదే నిదానం, అదే దగ్గు. కళ్లు తెరిచేసరికి నాయన మొహం కందగడ్డలా ఉంది.

"మల్ల ఎక్కిరిస్తున్నవా?"

"ఎక్కిరింపు కాదు నాయనా. రెండూ ఒక్కతీరుగ లేవా? జర మంచిగ ఇను."

"ఒక్కతీరెట్లుంటది? ఆయనది కడుపుల కెళ్లి వచ్చింది. నీది ఉత్త కోతి ఏశాలు. నాకు చెవుల్లేవనుకున్నవా?"

ఫోన్లో ఉన్నది నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో అమ్మ వచ్చి నా జబ్బ పట్టుకుంది. పోనీ, వీనితోని నీకేంది అని నాయనతో అంటూనే నన్ను బయటికి ఈడ్చుకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. నా మొహంలోకి చూసింది.

"నాకు తెలుసు బిడ్డా," అంది గొంతు తగ్గించి. "అమ్మలారా అన్నప్పుడే నీ గొంతని పట్టిన."

 మరి నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"చెప్పను. నువ్వు గూడ చెప్పకు. పెద్దాయన గొంతు పోయిందని మార్కెట్ల అంటుంటే ఆయన సరిగ అన్నం ముట్టలే. నీ మాటలు ఇన్నంకనే తింటున్నడు."

చెప్పులు వేసుకున్నాను. చెప్పనులే అన్నాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. లోపల వీడియో మళ్లీ మొదటి నుంచి మొదలైంది, ఈసారి సౌండు బాగా పెంచాడు. కిటికీలోంచి నాయన పక్కింటాయన్ను పిలుస్తున్నాడు. "రా అన్నా, రా, ఎంత మంచిగ మాట్లాడుతున్నడో ఇను," అంటున్నాడు.