మెట్టు దిగిన పాట

పొయ్యి మీద బెల్లంపాకం చిక్కబడుతోంది. ఆనందరాజ్ కుడిచేత్తో తెడ్డు తిప్పుతూ, ఎడమచేతి వేళ్లతో పక్కనున్న బల్ల అంచును నొక్కుతున్నాడు. నొక్కడం, ఎత్తడం, మళ్లీ ఇంకోచోట నొక్కడం. గిటార్ దగ్గర లేనప్పుడు అతనికి బల్లే గిటార్.

తమిళనాట కోవిల్‌పట్టిలో కడలమిఠాయి, అంటే వేరుశనగ అచ్చులు, చేసే ఆ షెడ్డులో అతను ఎన్నో ఏళ్లుగా పాకం మనిషి. వేయించిన వేరుశనగపప్పు మీద పాకం ఎప్పుడు పోయాలో చెప్పేది అతనే. వేళ్లు నీళ్లలో ముంచి, సలసల కాగే పాకంలోంచి చిటికెడు తీసి, చల్లార్చి విరుస్తాడు. టక్కుమంటే దించెయ్యాలి. అలా తీసి తీసి వేలికొనలు పాత చెప్పు అడుగులా మొద్దుబారాయి. పొట్టి మనిషి, వంగిన భుజాలు, కనుబొమల మీద ఎప్పుడూ ఇంత వేరుశనగ పొట్టు. నలుగురిలో నిలబడితే ఐదోవాడున్నాడని ఎవరికీ తట్టదు.

ఆ రోజు వేళ్ల ధ్యాసలో పడి పాకం సంగతి మరిచాడు. మాడువాసన ముక్కుకు తగిలేసరికి పాకం నల్లబడింది.

మేస్త్రీ పెరుమాళ్సామి పరుగున వచ్చాడు. ఆనందరాజ్ ఇంట్లోలాగే అతని ఇంట్లోనూ తెలుగే.

"ఏమప్పా, చెవుల్లో గిటారు మోగతా ఉండాదా? చట్టి పాకమంతా బొగ్గయిపాయ! ఈ వయసులో నీకు ఆ వేషం దేనికి?"

"తప్పుదా మేస్త్రీ."

"ఇంటికి పో. రేపు బుద్ధిని కూడా ఎత్తుకొని రా."

మొక్కై వంగనిది మానై వంగునా అని వెనకాల ఎవరో నవ్వారు. వాళ్లనీ తప్పుపట్టలేం. తలంతా నెరిశాక పాకం మనిషి గిటార్ నేర్చుకుంటున్నాడంటే ఎవరికైనా నవ్వే వస్తుంది.

నిజానికి అతనికి సంగీతం మీద మోజేమీ లేదు. మోజు అతని భార్య రాజమ్మాళ్‌ది. అగ్గిపెట్టెలు అతికిస్తూ బతికిన మనిషి. చర్చిలో తమిళ పాటలన్నీ గొంతెత్తి పాడేది గాని, నాది అని చెప్పుకునే పాట ఆమెకు ఒకటే ఉండేది. పత్తి ఏరుతూ వాళ్ల అవ్వ పాడిన తెలుగు పాట. ఒకసారి క్రిస్మస్‌కి అది పాడతానంటే, పుస్తకంలో లేని పాటకి ఎవరు వాయిస్తారమ్మా అని పాటల జట్టువాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

మొన్న ఎండాకాలంలో విరుదునగర్ పెద్దాస్పత్రిలో, ఊపిరితిత్తుల్లో గడ్డ పాకిపోయింది, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టండి అన్నారు. ఏం కావాలని ఆనందరాజ్ అడిగాడు. బిరియానీ అంటుందనుకున్నాడు.

"నా పాటకి గిటారు వాయించల్ల మామా. నువ్వుదా వాయించల్ల. ఒక తూరి మొదుల్నించి కడదాకా, నిలవకుండా పాడల్ల నేను."

బస్టాండుకు వచ్చే దారిలో పాత సామాన్ల కొట్లో గీతలు పడిన గిటార్ ఒకటి దొరికింది. పిల్లలు లేని ఆ ఇంటికి చాలా ఏళ్ల తరవాత వచ్చిన కొత్త వస్తువు అదే.

చర్చిలో గిటార్ వాయించే జెబకుమార్ నేర్పడానికి ఒప్పుకున్నాడు. అతనిది బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. మొదటివారం తీగలు వేళ్లను కోసి ఏడిపిస్తాయని ముందే భయపెట్టాడు. ఆనందరాజ్ ఏడవలేదు. నొప్పి తెలిస్తే కదా ఏడవడానికి! చిక్కూ అక్కడే వచ్చింది. వేలు ఏ తీగ మీదుందో కూడా ఆ కొనలకు తెలిసేది కాదు. వంగి, కళ్లతో వెతుక్కుని పెట్టేసరికి పాట ముందుకు పోయేది. పైగా వేళ్లకున్న బెల్లం తీగలకు అంటేది. తెల్లారి చూస్తే గిటార్ నిండా చీమలు.

*నిలువు మబ్బా, నిలువు మబ్బా, మా నల్లసేను మీద నిలువు.*

'సేను' దగ్గర వేళ్ల పట్టు మారాలి. మారేది కాదు. అతని వేళ్లు వచ్చి చేరేదాకా రాజమ్మాళ్ ఆ 'సేనూ'ను సాగదీసి కాచుకునేది. ఆ తరవాత దగ్గు. ఊపిరి లేని మనిషి చేత ఊపిరి ఖర్చు పెట్టిస్తున్నానని అతను సిగ్గుతో చచ్చిపోయేవాడు.

గొంతు ఎంత ఎత్తులో ఉంటే అంతకు తగ్గట్టు గిటార్ మెడ మీద ఒక క్లిప్పు బిగించాలని జెబకుమార్ చెప్పాడు. ఆనందరాజ్ మిఠాయి పొట్లాలకు వేసే రబ్బరుబ్యాండ్లతో ఒక పెన్సిల్ ముక్కను తీగలకు అడ్డంగా కట్టాడు. మొదట్లో అది, మెడ మీద అడ్డంగా ఉండే కమ్ముల లెక్కన, నాలుగో మెట్టులో ఉండేది. వానలు మొదలయ్యేసరికి మూడో మెట్టు. ఆమె గొంతు తగ్గినప్పుడల్లా పెన్సిల్ ఒక మెట్టు దిగేది. ఇప్పుడు మొదటి మెట్టులో ఉంది. దీని అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు.

మేస్త్రీ పంపేశాక అతను నేరుగా జెబకుమార్ కొట్టుకు వెళ్లాడు. జెబకుమార్ చేతిలో పని పక్కన పెట్టి, తన గిటార్ అందించి కాసేపు చూశాడు.

"అన్నా, అన్ని వేళ్లూ ఎందుకు ఎత్తతావు? ఉంగరం వేలు, చిటికిన వేలు ఆడనే ఉండనీ. మిగతా రెండే ఒక తీగ కిందికి దించు. కొంచం వేరేగా మోగతాది. పరవాలేదు, ఈ పాటకి చాలు."

ఆనందరాజ్ దించాడు. ఎత్తాడు. మళ్లీ దించాడు. మధ్యాహ్నం ఎండ కొట్టు మెట్ల మీంచి రోడ్డు అవతలికి పోయేదాకా అదే పని. వచ్చింది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ తట్టలేదేమని అతనికి ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఇంటికి చేరేసరికి వాకిట్లో ఇంకా వెలుగుంది. పొరుగింటి పాండిసెల్వి గంజి గిన్నెతో బయటికి వస్తోంది. గిన్నె నిండుగానే ఉంది.

"రెండు చెంచాలు కూడా తాగలేదు అన్నా," అని ఆమె వెళ్లిపోయింది.

రాజమ్మాళ్ దిండ్లకు ఆనుకుని ఉంది. ముఖంలో కళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఏమి, పొద్దుండంగానే ఇంత బిన్నే వస్తివి?"

"పాకం మాడిస్తి. తరిమేసిరి."

ఆమె అతని చెయ్యి లాక్కుని వాసన చూసింది. "మాడినా బాగుండాదిలే," అంది.

అతను గిటార్ తీసి, చీమలు దులిపి, పెన్సిల్ సరిచేయబోయాడు. ఆమె రబ్బరుబ్యాండ్లు మెల్లగా ఊడదీసి, పెన్సిల్‌ను పిడికిట్లో పెట్టుకుంది.

"వద్దు మామా. ఒకటో మెట్టు కూడా అందదు నాకు. ఊరికే వాయించు."

అతను వాయించాడు. ఆమె ఎత్తుకుంది. సన్నగా, తీగల కింద ఎక్కడో. 'సేను' వచ్చింది. రెండు వేళ్లు దిగాయి. ఆమె సాగదీయలేదు, సాగదీయాల్సిన పని లేకపోయింది. కదలకూడని ఆ రెండు వేళ్లూ ఎక్కడ కదులుతాయోనని వాటినే చూస్తూ రెండో చరణం దాటాడు, మూడోది దాటాడు. మోత మధ్య ఆమె గొంతు వినిపిస్తున్నట్టే ఉంది. ఎక్కడా తప్పలేదు, ఎక్కడా నిలవలేదు.

"చూస్తివా రాజమ్మా! కడదాకా వచ్చేస్తిమి!" అని అప్పుడు తల ఎత్తాడు.

ఆమె తల దిండు మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రెండుసార్లు పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. మొద్దుబారిన ఆ వేలికి గాలి ఉందో లేదో తెలియలేదు. చెంప ఆనించి చూశాడు.

పాటలో ఆమె ఎక్కడిదాకా వచ్చిందో అతనికి తెలియదు. ఇన్నాళ్లూ ఆమె అతని కోసం ఆగింది. అతను మాత్రం ఈ ఒక్కరోజూ ఆగలేదు. మధ్యలో ఒక్కసారి తల ఎత్తి ఉంటే బాగుండేదని, గిటార్ ఒళ్లోంచి దించకుండానే, అతను పసివాడిలా ఏడ్చాడు.

పాండిసెల్వి పరుగెత్తుకొచ్చి రాజమ్మాళ్ కళ్లు మూసింది, చేతులు సరిచేసింది. కుడి పిడికిలి మాత్రం విడలేదు. వేళ్ల సందులోంచి పెన్సిల్ ముక్క బయటికి కనిపిస్తోంది, దానికి అంటిన బెల్లం కోసం ఒక చీమ ఆమె మణికట్టు ఎక్కుతోంది.