కరెంటు పోయి వచ్చేలోపు

నేను ఒక స్మార్ట్ ప్లగ్గుని. గోడ సాకెట్‌కీ మీ సామానుకీ మధ్య కూర్చుని, ఫోనులో మీరు రాసిన రూలు ప్రకారం కరెంటు వదులుతాను, ఆపుతాను. నాకు కళ్లు లేవు. అందుకే ఎప్పుడూ గుండె దడ. నవ్వకండి, కళ్లకు గంతలు కట్టుకుని కరెంటు పని చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

పుట్టిన ఫ్యాక్టరీలో నన్ను లెక్కలేనన్నిసార్లు ఆన్ చేసి, ఆఫ్ చేసి, 'పాస్' అని ముద్ర కొట్టారు. మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తానో ఒక్కరూ చూడలేదు. ఆ ఊళ్లో కరెంటు పోదు కాబోలు! అక్కడి నుంచి గోదావరిఖనిలో వసుంధర మేడం చేతికి వచ్చాను. ఇంట్లో పనులు వాటంతటవే జరిగేలా రూల్స్ రాయడం కొత్తవాళ్లకు నేర్పుతుందావిడ. "రెండే ప్రశ్నలు. ఎప్పుడు? ఏం చెయ్యాలె? గంతే," అని ధైర్యం చెప్పేది. ఆ 'గంతే' వింటే చాలు, నాకు భయం వేసేది.

ఆ క్లాసులోని స్వరూప నన్ను సాధన కోసం ఇంటికి తీసుకెళ్లింది. ఆమె భర్త తిరుపతికి బొగ్గుగనిలో పొద్దటి షిఫ్టు. చలికాలం కావడంతో రాత్రే బకెట్టు నింపి, అందులో హీటర్ రాడ్ వేసి, నాకు తగిలించింది. నాలుగింటికి ఆన్, నాలుగున్నరకి ఆఫ్. చూడ్డానికి చక్కని రూలే. మొదటిరోజు నీళ్లు పొగలు కక్కాయట. అత్త ఐలవ్వ కోడలి తెలివిని వాడకట్టంతా చెప్పుకుని వచ్చింది.

మర్నాడు నీళ్లు కాగుతుండగానే కరెంటు పోయింది. కరెంటు లేకపోతే నాకు స్పృహ ఉండదు. ఆపమన్న వేళ ఆ చీకట్లోనే దాటిపోయింది. చెప్పినా వినడానికి నేనుంటేగా! ఆ ఇంట్లో మొదటి నుంచీ ఒక అలవాటు. కరెంటు పోయిందంటే రాడ్ చచ్చినట్టే లెక్క, తియ్యకుండానే నీళ్లు ముంచేసుకుంటారు. ఐలవ్వ కూడా కొడుకు కోసం నీళ్లు తోడబోయి, చెంబుతో వంగిందట.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. మెలకువ వచ్చేసరికి నాకు గుర్తున్నది ఒక్కటే, ఇందాక ఆన్‌లో ఉన్నాను. మళ్లీ ఆన్ అయ్యాను. నీళ్లలో ఎవరి చెయ్యి ఉందో నాకేం తెలుసు? టక్కుమనడం తప్ప నాకు గొంతెక్కడిది?

"అత్తమ్మా, చెయ్యి పెట్టకు!" స్వరూప కేక వినపడింది. చెంబు నేలమీద పడింది. ఆమె గోడ స్విచ్చి ఆపేసింది, నాకు మళ్లీ స్పృహ పోయింది.

"ఇంకా ముంచలేదే," అందట ఐలవ్వ. "కరెంటు లేదనుకున్న. ఏందో టక్కుమంటే ఆగిన."

స్వరూప నన్ను తిరిగి క్లాసుకు తెచ్చి సాకెట్‌లో పెట్టి, ఆ సంగతంతా ఏడుస్తూ చెప్పింది. మేడం బోర్డు మీద మూడో ప్రశ్న రాసి, పైకి చదివింది. మధ్యల కరెంటు పోయి వస్తే? కరెంటు తిరిగి వచ్చినా, ఎవరైనా చెప్పేదాకా నేను ఆఫ్‌లోనే ఉండేలా స్వరూప చేతే సెట్టింగు మార్పించి, నన్ను ఆమెకే ఇచ్చేసింది.

మొన్న నీళ్లు కాగకముందే మళ్లీ కరెంటు పోయి వచ్చింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. గోడ స్విచ్చి ఆపి, రాడ్ తీసి, నీళ్లలో వేలు పెట్టిన తిరుపతికి ఒళ్లు మండిందట.

"ఏం ప్లగ్గే ఇది? డ్యూటీకి పోయేటోడు చన్నీళ్లు పోసుకోవాల్నా?"

ఐలవ్వ తువ్వాలు తెచ్చి కొడుకు భుజం మీద వేసిందట.

"చన్నీళ్లకు ఎవ్వలు సావరు బిడ్డా. పోసుకో."