చెయ్యందని చోటు

రెండు చేతులూ పిండిలో ఉన్నప్పుడే వీపు మీద దురద పుడుతుంది. జొన్నరొట్టె తడుతూ మధ్యలో ఆపితే అంచులు పగులుతాయి, పగిలిన రొట్టె మా అత్త ముట్టదు. అందుకని రొట్టె పెనం మీద పడేదాకా పళ్ళు బిగించుకుని కూర్చుంటాను. పడగానే లేచి వంటింటి కంబానికి వీపు ఆనించి అటూ ఇటూ రుద్దుకుంటాను. "ఏమే సిద్దమ్మా, ఎనుము మాదిరి ఆ కంబానికి రుద్దుకునేదేంది? ఇల్లు కూలుతాది" అంటుంది మా అత్త వెంకటలక్ష్మమ్మ. అంటూనే నా కోసం రోట్లో వేపాకు నూరుతూ ఉంటుంది. ఆమె నోటికీ చేతికీ ఏనాడూ పొత్తు కుదరలేదు.

ఇది దోమ కుట్టిన దురద కాదు. గోకితే తీరదు, గోకకపోతే బతకనివ్వదు. చర్మం కింద చీమలు పుట్ట పెట్టుకున్నట్టు ఉంటుంది. మొదట అందరూ గజ్జి అనుకున్నారు. కానుగనూనె పూశారు, గంధకం పూశారు, నా చెంబూ చాపా వేరు చేశారు. నా చేతి వంటను మాత్రం ఎవరూ వేరు పెట్టలేదు. గజ్జి చెంబుకు అంటుతుంది గాని సంగటి ముద్దకు అంటదని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత కాళ్ళు పొంగాయి, ముఖం ఉబ్బింది. అప్పుడు మా ఆయన కోయిలకుంట్లలో బస్సెక్కించి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. ఊరంతా డేరాలూ గుమాస్తాలూ.

దురద నాది, డాక్టరు మాట్లాడింది మా ఆయనతో. మూత్రపిండాలు చెడిపోయాయట. బయటికి పోవలసిన విషం నెత్తుట్లోనే నిలిచిపోతోందట, దురద దాని వల్లేనట, ఎవరికీ అంటదట. ఉప్పు మానాలి, పప్పు తగ్గించాలి. మందేమిటని మా ఆయన అడిగితే ఆ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దొరల సీమదేశంలో నెత్తురును కడిగే యంత్రమొకటి కనిపెట్టారనీ, మన దగ్గరికి ఎప్పుడొస్తుందో తెలియదనీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. పంచెలు, దుప్పట్లు, బిడ్డల గుడ్డలు, ఈ ఇంట్లో నేను ఉతకనిదేముంది? ఉతికించుకోవడం నా వంతుకు వచ్చేసరికి యంత్రం సముద్రాల అవతల ఉంది. తిరుగు బస్సులో మా ఆయన నంద్యాల దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. నాకూ భయమేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఆ రోజు నుంచి నాకు చప్పిడి కూడు. అందరికీ ఉప్పు వేసి ఒక కుండ, నాకు వేయకుండా ఒక కుండ. రెండూ నేనే వండాలి. మూడో రోజు మా అత్త తాను తినే తట్ట తెచ్చి నా కుండ ముందు పెట్టింది. "ఒక్కదానివే తింటే దిగదులే. నాకూ ఉప్పు పడదు" అంది. ఆమెకు ఊరగాయ లేనిదే ముద్ద దిగదు. ఆమెకు సగం వడ్డించాను. ఆ మాట అంటే తిడుతుంది.

వేపాకు పూయగలదు గాని ఆమె వేళ్ళు వాతంతో వంకరపోయాయి, గోకలేవు. నా చెయ్యి వీపు నడుమకు అందదు. బిడ్డలు పెండ్లిళ్ళయి అత్తారిళ్ళలో ఉన్నారు. ఇక మిగిలింది మా ఆయన చెయ్యి. ఇరవై రెండేళ్ళ కిందట పెళ్ళయిన కొత్తలో, నాగలి పట్టి కాయలు కాసిన ఆ చెయ్యి తగిలితే గరుకుగా ఉందని విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ గరుకే కావాలి నాకు. గది తలుపు గడియ వేసి, రవిక మీద నుంచే పైకీ కిందికీ మెల్లగా గీరుతాడు. "ఈడనా? ఇంకా పైనా?" అని అడుగుతాడు. మా కాపురంలో ఆయన నన్నేమైనా అడిగింది అదే మొదలు. ఆ కాసేపట్లో నాకు జబ్బున్న సంగతే గుర్తుండదు.

అంతా గడియ వెనకే. దురదకు పగలూ రాత్రీ లేదు, ఆయన చేతికి ఉంది. ఒకనాడు మధ్యాహ్నం నేను తట్టుకోలేక ఏడుస్తుంటే వంటింట్లోనే నా వెనక కూర్చుని గీరాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి నాగక్క నిప్పు కోసం వచ్చి గడపలో నిలబడిపోయింది. సాయంత్రానికి నీళ్ళబావి దగ్గరా, కొట్టు దగ్గరా ఒకటే మాట, ఓబులేసు పెండ్లానికి వీపు గీరుతాండాడంట. ఆయన ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. "మగోనికి పరువుండాల గదా సిద్దమ్మా. రొన్నాళ్ళు ఓర్చుకో" అన్నాడు. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నాడు. అందుకే నాకు మరీ మండింది. ఆయనకు విషజ్వరం వచ్చినప్పుడు నలభై రోజులు వీధి అరుగు మీదే ఆయన కాళ్ళు పిసికాను. దారిన పోయేవాళ్ళు చూసి పెండ్లామంటే ఇట్లుండాల అన్నారే గాని ఒక్కరూ నవ్వలేదు. నా చెయ్యి ఆయన కాలి మీద ఉంటే పుణ్యం. ఆయన చెయ్యి నా వీపు మీద ఉంటే నవ్వులాట.

ఎనిమిది రోజులు ఓర్చుకున్నాను. గడియ వెనక కూడా చెయ్యి రాలేదు. కంబానికి రుద్దుకుని రుద్దుకుని వీపు చీరుకుపోయింది. తొమ్మిదో రోజు నా రవిక ఉతుకుతూ మా అత్త నెత్తుటి చారలు చూసింది. అంత నోరున్న మనిషి ఒక్క మాటా అనకుండా రవికను మళ్ళీ మళ్ళీ జాడిస్తుంటే చూడలేక వంటింట్లోకి వచ్చేశాను. నాకెన్నాళ్ళున్నాయో డాక్టరు చెప్పలేదు. ఎన్నున్నా, వాటిని కంబానికి రుద్దుకుంటూ పోగొట్టుకోకూడదనుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు.

ఆ సాయంత్రం మా ఆయన చేని నుంచి వచ్చాడు. పక్క చేను గోపన్న, ఇంకా ఇద్దరు ఆయన వెంట ఉన్నారు. పత్తి ఈసారి ఎట్లుంటుందో మాట్లాడుకుంటూ అరుగు దగ్గర నిలబడ్డారు. ఆయన చెప్పులు విడిచి కాళ్ళు ముందుకు చాచాడు. ఆ వేళకు చెంబుతో నీళ్ళు పోసి కాళ్ళు కడగడం నా పని. చెంబు తెచ్చాను. నీళ్ళు పోయలేదు. చెంబు పక్కన పెట్టి, మగవాళ్ళు కూర్చునే ఆ అరుగు మీద ఆయనకు వీపు తిప్పి కూర్చున్నాను.

"కాళ్ళు తర్వాత కడుగుతా. ముందు నా వీపు గీరు" అన్నాను.

గోపన్న మాట మధ్యలో ఆగిపోయింది. "లోపలికి పో, వచ్చా" అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి.

"లోపల ఎనిమిది దినాలు చూసినా. నువ్వు రాలేదు. నీకు జొరమొచ్చినప్పుడు నేను నిన్ను లోపలికి పొమ్మన్లేదు. ఈడనే, ఈ అరుగు మీదనే పిసికినా."

నేను లేవలేదు. ఆయన గీరకపోతే రాత్రంతా అక్కడే కూర్చుందామనుకున్నాను. లోపలి నుంచి మా అత్త గొంతు వినిపించింది. "గీరురా నాయనా. రొట్టెలు చల్లారిపోతాండాయి."

తర్వాత అరుగు మీద నా వెనక ఆయన కూర్చోవడం తెలిసింది. గరుకు చెయ్యి భుజాల నడుమ ఆనింది. మొదట తడబడింది, మెల్లమెల్లగా కుదురుకుంది. నాకు కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

వీధిలో ఎవరో నవ్వారు. ఆయన చెయ్యి ఆగింది.

"ఇంకా రవ్వంత కిందికి" అన్నాను, ఆ నవ్విన వాళ్ళకు కూడా వినబడేలా.