నాలుగో నంబరు మోటారు

సాయిదుర్గకు ఏదైనా మూడుసార్లు చూసుకుంటే గాని మనసు కుదుటపడదు. గ్యాస్ కట్టేసిందా, గడియ పెట్టిందా, మూడేళ్ల లాస్య నోట్లో ఏమైనా పెట్టుకుందా. "మా కోడలి భయాలు బస్తాలకెత్తితే గూడెం మిల్లుల్లో చోటు చాలదండీ" అని అత్తగారు సుబ్బలక్ష్మి ఇంటికొచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వేది. డిప్లొమా రెండో ఏడాదిలో ఉండగా లాస్య కడుపున పడింది. వాంతులతో పరీక్షలకు వెళ్లలేదు. ఆ తరువాత వెళ్లమని అన్నవాళ్లూ లేరు.

అలాంటిది, తాడేపల్లిగూడెంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమెకు పని దొరికింది. రొయ్యల చెరువుల్లో మోటార్లు, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఎలా నడపాలో ఫోన్లో చూపించే ప్రోగ్రాం వాళ్లది. చెరువుల దగ్గర పనిచేసేవాళ్లు తమకు తోచినట్టు టైపు చేసి పంపిన నోట్సును ఆ ప్రోగ్రాంలో పేజీలుగా మార్చడం ఆమె పని. శీర్షికకు ముందు ఒక గుర్తు, జాబితాకు ముందు ఇంకో గుర్తు పెట్టి మార్చమంటే కంప్యూటరే పేజీ కట్టేస్తుంది. ఆరు నెలలు సరిగ్గా చేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తానన్నాడు ఆఫీసు నడిపే శ్రీరామచంద్ర. ఆ కాగితం ఉంటే ఏలూరులోనో భీమవరంలోనో డిప్లొమా అడగకుండా తీసుకుంటారు. సాయిదుర్గకు కావలసిందల్లా అదే.

అయిదో నెలలో జోగారావు నోట్సు వచ్చింది. కొల్లేరు పక్క ఒక పెద్ద చెరువు మీద ఇరవై ఏళ్లుగా కరెంటు పని చూస్తున్నాడాయన. కరెంటు పోయి జనరేటర్ వేసినప్పుడు ఏ మోటారు తరువాత ఏది వెయ్యాలో నాలుగు వరసల్లో రాశాడు. వరస మొదట వేసిన అంకె స్విచ్చు నంబరు. చెరువుల మీద అందరూ అలాగే రాస్తారు. నాలుగు, ఒకటి, మూడు, రెండు. నాలుగోది పెద్ద మోటారు, జనరేటర్ మీద ఇంకే బరువూ పడకముందే దాన్ని లేపాలి.

పేజీగా మార్చాక సాయిదుర్గ అలవాటు కొద్దీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. పేజీలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఉంది. అంకె, పక్కన చుక్క కనపడేసరికి కంప్యూటర్ దాన్ని మామూలు జాబితా అనుకుని తన లెక్కన నంబర్లు దిద్దేసింది. ఆ వారం కట్టి, ఇంకా సరిచూడని పేజీలు తీసి చూస్తే ఇంకో పదకొండింటిలో అదే తంతు.

వెంటనే శ్రీరామచంద్రకు మెసేజ్ పెట్టింది. ప్రతి చుక్క ముందూ ఒక వాలుగీత పెడితే అంకె కదలదని, చేత్తో దిద్దడానికి రెండు రోజులు కావాలని రాసింది. సోమవారం ఆ పేజీలు చెరువుల యజమానులకు చూపించాల్సి ఉంది. ఆయన జవాబు ఒక్క ముక్క: "నోట్సు ఎవరూ అంత పట్టిపట్టి చదవరండీ, అలాగే పంపేయండి." కాసేపటికి తన గదిలోంచి బయటికొచ్చి మెత్తగానే అన్నాడు.

"మీరు భయపడటం కొంచెం తగ్గించుకోవాలి, సాయిదుర్గ గారూ. లెటర్‌లో నేనేం రాయాలి చెప్పండి?"

లెటర్ మాట వినేసరికి ఆమె సరేనండి అంది. ఇంకోసారి అడిగి ఉండవచ్చు. అడగలేదు. జోగారావుకైనా ఫోన్ చేసి ఉండవచ్చు. చెయ్యలేదు. పేజీలు పంపేసి ఇంటికెళ్లి, గడియ మూడుసార్లు చూసుకుని పడుకుంది.

మూడు వారాలకు, కూతురి కంటి ఆపరేషన్‌కని జోగారావు ఏలూరు వెళ్లిన రోజున, ఆ చెరువు మీద తెల్లవారకముందే కరెంటు పోయింది. ఆయన బదులు వచ్చిన ఏసుకుమార్ ఫోన్లో పేజీ చూసి ఒకటో స్విచ్చు నుంచి మొదలుపెట్టాడు. నాలుగోది వెయ్యగానే బరువు లాగలేక జనరేటర్ ఆగిపోయింది. మళ్లీ లేపి, మళ్లీ పేజీలో ఉన్నట్టే వేశాడు. మళ్లీ ఆగిపోయింది. తెల్లవారేసరికి గాలి అందక రొయ్యలన్నీ గట్టు వెంట చేరి చచ్చిపడి ఉన్నాయి.

యజమాని గూడెం వచ్చి అరిచాడు. ఆయన వెళ్లాక శ్రీరామచంద్ర సాయిదుర్గను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. బల్ల మీద లెటర్ సిద్ధంగా ఉంది, సంతకం, ముద్రతో సహా. దాని పక్కన ఇంకో కాగితం. జోగారావు పంపిన నోట్సులోనే వరస తప్పు ఉందని, తాను ఉన్నది ఉన్నట్టు మార్చానని ఆమె రాసి ఇవ్వాలి.

"ఆయన ముసలాయన, ఎల్లాగూ నేడో రేపో మానేస్తాడు. మీకు చిన్నపిల్ల ఉంది."

ఆమె లెటర్ చదివింది. 'ప్రతి విషయాన్నీ అత్యంత జాగ్రత్తగా పరిశీలిస్తారు' అని ఉంది. రెండోసారి చదివింది. మూడోసారి చదవలేకపోయింది.

"జాగ్రత్తగానే చూశానండి. చూసి ఊరుకున్నాను. అది రాయండి ఇందులో."

లెటర్ ఆయన వైపు జరిపి బయటికొచ్చింది. తన కంప్యూటర్‌లోంచి జోగారావు రాసిన అసలు నోట్సు, తను పెట్టిన మెసేజ్, దానికొచ్చిన జవాబు చెరువు యజమానికి పంపింది. మర్నాటి నుంచి రానక్కర్లేదని బస్టాండు చేరేలోపే ఫోన్ వచ్చింది.

ఆ వెంటనే జోగారావుకు చేసింది. జరిగిందంతా మొదటినుంచీ, తను నోరు మూసుకోవడంతో సహా చెప్పింది.

"నిన్ననే తీసేశారమ్మా నన్ను," అన్నాడు చివరికి. "నువ్వు పంపినవి చూశానని ఓనరు ఇందాక ఫోన్ చేశాడు. ఆఫీసోళ్లని వదలను అన్నాడు. నన్ను మాత్రం రమ్మన్లేదు. ఏసుకుమారుకి జీతం తక్కువ కదా."

సాయిదుర్గ క్షమించమంది.

"ఆ మూడు వారాల్లో ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేదమ్మా," అని పెట్టేశాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఇంటికెళ్లేసరికి అత్తగారు గుమ్మంలోనే లెటర్ ఇచ్చారా అని అడిగింది. ఇవ్వలేదని చెప్పి, సాయిదుర్గ లోపలికొచ్చి తలుపు వేసింది. గడియ పెట్టింది. ఇంకోసారి చూసుకోవడానికి చెయ్యి దానంతట అదే లేచింది. లేచిన చేతిని అక్కడే, తలుపుకు ఆనించి, చాలాసేపు అలా నిలబడింది.