ముంగిస చెంపమీది చుక్క

నేను ఒక కుంచెను. ఉడుత తోక వెంట్రుకలతో పుట్టాను. కరీంనగర్‌లో బోర్డులు రాసే ఐలయ్య భార్య భూలక్ష్మి ఆ వెంట్రుకలను దువ్వి, దారంతో బిగించి, వెదురుపుల్లకు కట్టింది. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె వేసిన ముడి మాత్రం వదులు కాలేదు.

ముప్పై ఏళ్లు ఐలయ్య చేతిలో నేనే ఉన్నాను. పని అయ్యాక కిరసనాయిలులో కడిగి, వేళ్లతో కొన సరిచేసి, గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. భార్యకు ఏనాడైనా అంత సేవ చేశాడేమో, నేను మాత్రం చూడలేదు.

ఏ బొమ్మ వేసినా చివర దాని చెంపమీద చిన్న నల్లచుక్క పెట్టడం అతని పద్ధతి. దిష్టి తగలకూడదట. కోళ్ల దుకాణం మీది పుంజుకూ, టైర్ల కొట్టు మీది ఏనుగుకూ ఆ చుక్క నేనే పెట్టాను.

తర్వాత కూతురు రవళి ట్యాబ్ కొన్నది. దానితో పాటు ఒక తెల్ల పెన్ను వచ్చింది. దానికి రంగు లేదు, స్నానం లేదు. తప్పు గీస్తే వెనక్కి తీసుకుంటుంది. నా తప్పు గోడమీద ఇరవై ఏళ్లు ఉంటుంది. అందుకే నేను తప్పు గీయను.

ఒకరోజు సుహాసిని అనే ఆవిడ వచ్చింది. కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా కాపలా కాసే కంపెనీ పెడుతోందట. దానికో గుర్తు కావాలి, ఒక జంతువు బొమ్మ కావాలి.

"కుక్క వద్దు, పులి వద్దు. అందరూ అవే పెట్టుకున్నారు," అన్నది.

"ముంగిసను పెట్టుకోండ్రి మేడం," అన్నాడు ఐలయ్య. "అది మొరగది, గాండ్రించది. పాము బొక్కల తల పెట్టంగనే పట్టుకుంటది."

అట్టమీద నాతోనే గీశాడు. వెనక కాళ్లమీద లేచి నిలబడ్డ ముంగిస. దాని తోక తాళంకప్పను చుట్టుకుని ఉంది. ఆ తోకా తాళమే కంపెనీ గుర్తు. చివర చెంపమీద చుక్క.

రవళి ఆ బొమ్మను ఫోటో తీసి, పెన్నుతో మళ్లీ గీసింది. చుక్క తీసేసింది.

"కంపెనీ బొమ్మకు దిష్టి ఏంది బాపూ? మరక అనుకుంటరు."

"నీకు పెట్టలేదా మీ అవ్వ?"

"నేను మనిషిని బాపూ!"

అతను నన్ను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సుహాసిని ఆ కొత్త బొమ్మ చూసి, "రవళీ, ఎంత బాగా గీశావమ్మా!" అన్నది. ముంగిస నాది. మెప్పు పెన్నుది.

ఆఫీసు తెరిచిన రోజు గోడమీద నిలువెత్తు ముంగిస. అందరూ చప్పట్లు కొడుతుండగా ఐలయ్య జేబులోంచి నన్ను తీశాడు, నల్లరంగు డబ్బీ తెరిచాడు, ముంగిస చెంపమీద చుక్క పెట్టాడు.

"బాపూ! ఏం జేస్తున్నవ్? కొత్త గోడ!" అని అరిచింది రవళి.

చప్పట్లు ఆగిపోయాయి. సుహాసిని గోడ దగ్గరికి వచ్చింది. తుడవమంటే నా పని అయిపోయినట్టే. ఇక ఆ చెయ్యి నన్ను పట్టదు.

ఆవిడ నవ్వింది. "మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఉండనివ్వండి. అన్ని బొమ్మలకూ పెట్టు రవళీ."

నేను గెలిచాను. రెప్పపాటు కాలం.

రవళి ట్యాబ్ మీద పెన్ను ఒక్కసారి ఆనించింది. అక్కడున్న అందరి ఫోన్లలో, కంపెనీ పేజీ మీది ముంగిసకు చుక్క వచ్చింది. నా ముప్పై ఏళ్ల విద్యను అది ఒక్క పోటుతో కాజేసింది.

ఐలయ్య నోరు తెరిచి చూశాడు. "ఏదీ, ఇటియ్యి బిడ్డా," అన్నాడు. నన్ను కిటికీ గట్టుమీద పెట్టి, నన్ను పట్టిన ఆ మూడు వేళ్లతోనే పెన్నును పట్టాడు. ఒక తోక గీసి నవ్వాడు. భూలక్ష్మి పోయాక అతను నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు నాది కాదు.

ఆ రోజు నన్ను కడగడం మరిచిపోయాడు. తీసుకుపోవడమూ మరిచిపోయాడు. ఆ నల్లరంగుతోనే నా వెంట్రుకలు గట్టిపడ్డాయి. ఊడ్చే ఆమె నన్ను పుల్ల అనుకుని పక్కకు జరుపుతుంది.

బొమ్మల పనిమీద అతను అప్పుడప్పుడు ఈ ఆఫీసుకు వస్తాడు. కిటికీ వైపు చూడడు. చొక్కా జేబులో ఆ పెన్ను ఉంటుంది. జేబు అడుగున నా పాత రంగు మరక ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

పెన్ను రోజూ ఆ మరక మీదే కూర్చోవాలి.