ఇంటి కప్పు కొలత

కటింగ్ మాస్టరమ్మ రోజూ పొద్దున్నే మొహం కడుక్కోగానే ఇంటి కప్పు ఎత్తు కొలుస్తుంది. టేపు ఎలాగూ మెడలోనే ఉంటుంది. ఆమెకు గుండెదడ పెరిగితే కప్పు కిందికి దిగుతుంది. టైలరింగ్ షాపులోనూ అంతే. "ఇవాళ మేడమ్‌కి బాలేదర్రా, తలలు జాగ్రత్త" అనుకుని మిషన్ల వాళ్లు వంగి కుట్టుకుంటారు, అంతకుమించి గొణుగుడు లేదు. ఒకే కోటు గుడ్డ మీద సుద్దగీత ఏడుసార్లు చెరిపి గీసిన రోజు, కప్పు దిగొచ్చి చేతిలో కత్తెరకు తగిలింది. ఆ సాయంత్రమే ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లింది.

మాత్రలు మొదలెట్టిన వారం నోరు పిడచకట్టుకుపోయింది, ఆవలింతలు ఆగలేదు, కప్పు మాత్రం అంగుళం కదల్లేదు. మూడో వారానికి బెత్తెడు లేచింది. నెలన్నరకు స్టూలెక్కితేగానీ అందలేదు. భయం పోలేదు గానీ పక్కింట్లో మోగే రేడియోలా దూరం జరిగింది. ఒక్కోసారి ఏడుపు రావాల్సిన చోట ఏడుపు రాదు. రాకపోతే పీడాపోయింది, ముప్పై ఏళ్లకు సరిపడా ముందే ఏడ్చేశాను కదా అనుకుంది.

ఇదంతా మాస్టరమ్మ వాళ్లమ్మకు నచ్చలేదు. అమ్మది వంగిన నడుం.

"మీ నాన్న పోయినప్పుడు ఈ కప్పు నా నెత్తి మీదికి దిగింది. మాత్రలు మింగానా? వంగి నడిచాను, నిన్ను పెంచాను. నువ్వు మొద్దుబారిపోతున్నావే!"

ఓ పొద్దున మాత్రల అట్ట కనపడలేదు. ఇల్లంతా వెతికితే పిండి డబ్బాలో దొరికింది. కూతురికి ఒళ్లు మండిపోయింది.

"నువ్వు కళ్లజోడు పెట్టుకోవడం లేదా? ఇదీ అంతే. డాక్టరు ఆపమంటే ఆపుతాను, నువ్వంటే ఆపను. వంగడం నేర్పింది చాలమ్మా, ఇక నావల్ల కాదు!"

అమ్మ ఎదుటే మాత్ర వేసుకుని గ్లాసెడు నీళ్లు గటగటా తాగింది. ఇంత గొడవైనా కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది.

అమ్మ తలెత్తి ఆ కప్పు వంక చాలాసేపు చూసింది. గోడ పట్టుకుని, నెత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడుం ఎత్తింది. ఎముకలు పటపటమన్నాయి. ఇంకా ఎత్తింది. నెత్తికి ఏమీ తగల్లేదు. అమ్మ తనకంటే పొడుగని కూతురికి ఆ రోజే తెలిసింది.

"అలా చూస్తావేం?" అంది అమ్మ, కోపం ఇంకా తగ్గకుండానే. "టేపు తియ్యి. నీ దగ్గరున్న నా కొలతలన్నీ తప్పే. మళ్లీ తీసుకో."