రెండు రెక్కలూ అరిగిన తలుపు

ఖీవా పట్నంలో పాత తలుపుకు వెల కట్టాలంటే బీకాజాన్‌ను పిలవాల్సిందే. చెక్కడం పనివాడి కూతురు. ఆమె పాతదంటే పాతదే. కాదంటే ఇక ఆ తలుపు పొయ్యిలోకే. ఇరవై ఏళ్ళలో అన్న మాట ఒక్కసారీ వెనక్కి తీసుకోలేదు. అడగకపోయినా ఆ సంగతి ఆమే అందరికీ చెబుతుంది.

ఆ ఉదయం టీకొట్టు ముందు ఒక రెండు రెక్కల తలుపును బండిలోంచి దించి గోడకు ఆనించారు. అమ్మేవాడు మత్యాకుబ్, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఇంటి కప్పు కుంగింది, చలికాలం లోపు దూలాలు మార్చాలి. కొనేవాడు తాష్కెంట్‌లో హోటలు కడుతున్న మీర్‌వాలి.

బీకాజాన్ తలుపు వాసన చూసింది, అంచులు తడిమింది, పెదవి విరిచింది.

"కొత్తది. ముసలి వేషం వేశారు," అంది కుండ బద్దలు కొట్టినట్టు. "మన ఇళ్ళలో రోజూ తీసేది కుడి రెక్క ఒక్కటే. ఎడమది పెళ్ళికూతురు వచ్చిననాడు, పాడె లేచిననాడు తీస్తాం. నిజంగా పాతదైతే ఒకటి అరగాలి, రెండోది నవనవలాడాలి. దీనికి రెండూ ఒకేలా అరిగాయి. ఆకురాయి పట్టినవాడికి ఆ మాత్రం తట్టలేదు. పైగా అంచులకు మసి పూశాడు!"

"లెక్కల మాస్టారూ, రెండు వైపులా భలే సమానంగా భాగించారే!" అన్నారెవరో. టీకొట్టంతా గొల్లుమంది.

మత్యాకుబ్ మొహం మాడిపోయింది. "మా తాత పెట్టించిన తలుపమ్మా ఇది. నలుగురిలో నన్ను దొంగను చేశావు. వచ్చి మా గడప చూడు. అదీ నేనే అరగదీశానంటావేమో!"

"పదండి బాబాయ్, అదీ చూసేద్దాం," అని బీకాజాన్ ముందు నడిచింది. ఆమెకు ఏ అనుమానమూ లేదు.

రెండు సందుల అవతల ఆ ఇంటి గుమ్మానికి తలుపు బదులు బొంత వేలాడుతోంది. ఆమె గొంతుక్కూర్చుని, గడపలో కుడి రెక్క తిరిగే గుంటలో వేలు పెట్టింది. సగం దాకా దిగింది. ఎడమ గుంటలోనూ అంతే. లోపలంతా అద్దంలా నున్నగా ఉంది. అలాంటి నునుపు ఏ ఆకురాయికీ రాదు. బీకాజాన్ మళ్ళీ కుడి గుంటలో వేలు పెట్టి చూసింది.

"గడప మీద ఏం కూర్చుంటావమ్మా, లోపలికొచ్చి టీ తాగు," అని పిలిచింది మత్యాకుబ్ భార్య అనాజాన్. బొంత తొలగించి చూస్తే వాకిట్లో ఇనుప డేగిసా బోర్లించి ఉంది. దాని కింద ఒక దూడను దాచేయొచ్చు.

"ఇంత డేగిసా మీ ఇద్దరికా పిన్నీ?"

"మాకెందుకు తల్లీ! చుట్టుపక్కల నాలుగు పేటలది. మా మామగారి నాన్న కాలం నుంచీ ఇక్కడే. పెళ్ళైనా చావైనా పలావు దీంట్లోనే. నలుగురు మోయాలి. రెండు రెక్కలూ బార్లా తీస్తే తప్ప గుమ్మం దాటదు. పొద్దున పోతుంది, సాయంత్రం వస్తుంది. విసుగొచ్చి ఎడమ రెక్కకు గడియ వేయడమే మానేశాం. ఏది చేతికందితే అది తోసుకుని వస్తారు. మోసేవాళ్ళు అంచులకు రాసుకుంటూ పోతారా, ఆ మసి ఎంత తోమినా పోలేదు. నీ పెళ్ళి పలావూ దీంట్లోదేగా!"

బీకాజాన్‌కు తల కొట్టేసినట్టయింది. టీ ముట్టకుండా లేచింది.

టీకొట్టు ముందుకొచ్చి, వెనక బెంచీకి కూడా వినబడేలా అంది: "ఇందాక నేనన్నది తప్పు. తలుపు పాతదే. మాస్టారి మాట నిజం."

ఎవరూ నవ్వలేదు. మీర్‌వాలి మాత్రం అన్నాడు, "గంట కిందట కొత్తదన్నారు, ఇప్పుడు పాతదంటున్నారు. ఏది నమ్మమంటారక్కా?"

"అప్పుడు తలుపు చూశాను, ఇప్పుడు ఇల్లు చూశాను. మూడు కోట్ల సోములు, మాస్టారి కప్పుకు దూలాలు వచ్చేంతే. ఒక్క సోము తగ్గదు. మీరు వద్దంటే నా బంగారు గాజులు అమ్మి నేనే కొంటాను."

మీర్‌వాలి ఆమె చేతి గాజుల వంక ఒకసారి, తలుపు వంక ఒకసారి చూసి, మత్యాకుబ్ వైపు చేయి చాచాడు. బేరం కుదిరింది.

తలుపు బండెక్కాక బీకాజాన్ మత్యాకుబ్ దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, నా మీద ఇంకా కోపమేనా?"

"కోపమే," అన్నాడాయన. "రేపొచ్చి కొత్త తలుపుకి కొలతలు తియ్యి. డేగిసా పట్టాలి."

"పట్టేలా తీస్తాను. గడియ ఎలాంటిది పెట్టమంటారు?"

"కుడి రెక్కకు నీ ఇష్టం. ఎడమదానికి వద్దు."